అడగకూడదన్న ప్రశ్న

చిన్నవయసులోనే వినికిడి పోగొట్టుకున్న హేరియట్ మార్టినో 1834లో 'లెటర్ టు ది డెఫ్' రాసింది. చెవుడును దాచుకోవద్దని, చెవిబాకా పట్టుకోవడానికి సిగ్గుపడొద్దని తోటి బధిరులకు ధైర్యం చెప్పిన వ్యాసం అది. అంతవరకూ ఆమె వెంటే నడిచాను. ఎవరేమన్నారో మాటిమాటికీ అడగవద్దన్న సలహా దగ్గర ఆగిపోయాను.

ఎనిమిదో ఏట నా కుడిచెవి వెనక ఎముక తొలిచి ఆపరేషన్ చేశారు. ఇప్పటికీ జలుబు చేస్తే చీము కారుతుంది. తలంటుకునేటప్పుడు వాజలీను రాసిన దూది పెట్టుకోవాలి. ఏడాదికి రెండుసార్లు డాక్టరు చేత చెవి శుభ్రం చేయించుకోవాలి.

చిన్నప్పుడు వినబడక మౌనంగా కూర్చుంటే 'ఎంత అణకువో' అని చుట్టాలు మెచ్చుకునేవారు. మళ్ళీ అడిగితే 'పరధ్యానం' అనేవారు. మార్టినోని చదవకముందే ఆమె సలహా పాటించానన్నమాట!

చెవుడును ఒప్పుకోమన్న రచయిత్రి, దాని బరువంతా వినబడని మనిషి మీదే ఎందుకు మోపింది? ఇతరులకు శ్రమ కలిగించకూడదన్నది ఆడపిల్లలకు నేర్పే తొలిపాఠం. అంత స్వతంత్రంగా ఆలోచించిన ఆమె వాక్యాల్లోనూ ఆ పాఠమే నాకు కనిపించింది.

సెమినార్లలో ఇప్పుడు ఎడమచెవి వక్త వైపు ఉండేలా కూర్చుంటున్నాను. వినబడకపోతే 'మళ్ళీ చెప్పండి' అని అడుగుతున్నాను.