హెల్మెట్‌లో రేడియో: మంచు కొండల్లో ఎంతవరకు నమ్మవచ్చు?

ముందు రెండు స్కీలు, వెనుక రబ్బరు పట్టా, మధ్యలో మోటారు సైకిల్ వంటి సీటు. స్నోమొబైల్ అంటే ఇంతే. గుల్‌మార్గ్ వెళ్ళివచ్చిన వారెవరైనా మీ ఇంట్లో ఉంటే దీని గురించి చెబుతారు. మిగిలిన మనందరికీ ఇది సినిమాల్లో చూసిన బండి. 1959లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో, వాల్కూర్ అనే ఊళ్ళో, జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే 'స్కీ-డూ' పేరుతో చిన్న బండిని మార్కెట్‌లోకి తెచ్చిన తరువాత ఇది మామూలు మనిషికి అందుబాటులోకి వచ్చింది.

గుల్‌మార్గ్‌లో బండి నడిపేవాడు, ఎక్కినవాడు ఒకే సీటు మీద ఉంటారు కాబట్టి వీపు తడితే చాలు. కెనడా, అమెరికా కొండల్లో అలా కాదు. ఒక్కొక్కరు ఒక్కో బండి మీద, జట్టుగా వెళతారు. ఒకరి మాట ఒకరికి వినబడాలి. దీనికోసం హెల్మెట్‌లో అమర్చే పరికరాలు ఇప్పుడు రకరకాలుగా అమ్ముడవుతున్నాయి. చెవుల దగ్గర రెండు చిన్న స్పీకర్లు, నోటి ముందు మైకు, ఒక చిన్న రేడియో, ఒక బ్యాటరీ. ప్రకటనల్లో మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి: ఇంత దూరం వినబడుతుంది, ఇంతమంది మాట్లాడుకోవచ్చు, ఇన్ని గంటలు పనిచేస్తుంది. ఈ మూడింటినీ భౌతికశాస్త్రం ముందు నిలబెట్టి చూద్దాం.

మొదట చప్పుడు సంగతి. ఉత్తర అమెరికాలో 1975 నుంచి తయారీదారులు పాటిస్తున్న ప్రమాణం ప్రకారం, పూర్తి వేగంలో ఉన్న స్నోమొబైల్ చప్పుడు 50 అడుగుల దూరంలో 78 డెసిబెల్‌లకు మించకూడదు. అది దారిన పోయేవాడి చెవికి. మరి నడిపేవాడి చెవికి? దూరం సగమైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. 50 అడుగులను నాలుగుసార్లు సగం చేయండి. మూడడుగులు వస్తుంది. 78కి 24 కలిపితే 102. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా, పరిస్థితి ఎలాంటిదో తెలుస్తుంది. రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్‌లు, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు సమయం సగం అన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూత్రం. ఆ లెక్కన 100 డెసిబెల్‌లకు దక్కేది పావుగంట మాత్రమే. హెల్మెట్ కీచుమనే ధ్వనులను కొంత ఆపుతుంది గాని, ఇంజను గుర్రుమనే లోతైన ధ్వనిని అంతగా ఆపలేదు. అటువంటి చప్పుడును మించి మాట వినిపించాలంటే స్పీకరు ఎంత గట్టిగా అరవాలో ఆలోచించండి. ఆపైన అందులో పాటలు కూడా వినవచ్చునని ఊరిస్తున్నారు! చెవికి కాపు వేయకుండా స్పీకరు గొంతు పెంచడాన్ని నేను సౌకర్యం అనలేను.

'చప్పుడును తొలగించే మైకు' అన్నమాట కూడా చాలామందిని పొరపాటు పడేస్తుంది. అది తొలగించేది మీ చెవికి వినబడే చప్పుడు కాదు, అవతలివాడికి వెళ్ళే చప్పుడు. సూత్రం అందమైనదే. మైకులోని పలుచని పొరకు ముందూ వెనుకా రంధ్రాలు ఉంటాయి. దూరపు ధ్వని రెండువైపులా దాదాపు సమానంగా తగిలి రద్దయిపోతుంది. పెదవుల దగ్గరి మాట ఒకవైపే గట్టిగా తగులుతుంది, కాబట్టి మిగులుతుంది. అయితే ఈ పరికరాల్లో చాలావరకు మోటారు సైకిల్ కోసం పుట్టినవి. స్నోమొబైల్ హెల్మెట్‌లో అద్దం మీద ఆవిరి పట్టకుండా నోరు, ముక్కు చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. మైకు ఆ ఇరుకులో కూర్చోవాలి. ఊపిరిలోని తేమ దాని స్పాంజి మీద గడ్డకడుతుంది, వదిలిన ఊపిరి నేరుగా తగిలి బుస్సుమంటుంది. రోడ్డు మీద బాగా పనిచేసిన మైకు ఇక్కడ బొంగురుపోవడంలో వింతలేదు.

ఇంకొక చిక్కు ఉంది. గొంతు వినగానే తనంతట తానే తెరుచుకునే పద్ధతిని గొప్పగా చెబుతారు. బటను నొక్కనక్కరలేదు, చేతులు ఖాళీగా ఉంటాయి. నిజమే. కాని గొంతు విని మేలుకోవడానికి పరికరానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. ఆలోగా మొదటి అక్షరం పోతుంది. ఇంగ్లీషులో 'డోంట్ గో' అన్నాడనుకోండి, అవతల 'గో' అని వినబడవచ్చు! అనువాదాలు చేసేవాణ్ణి కనుక నాకొక ఆలోచన వచ్చింది. తెలుగులో నిషేధం చివర ఉంటుంది. 'వెళ్ళొద్దు' అన్నదాంట్లో మొదలు తెగినా 'ఒద్దు' దక్కుతుంది. అయితే బటను నొక్కి మాట్లాడేవాడు తొందరపడి ముందే వేలు తీస్తే మన భాషకే ప్రమాదం.

దూరం సంగతికి వస్తే, బ్లూటూత్ పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు. అమెరికాలో చేతి వాకీటాకీలు వాడే 462 మెగాహెర్ట్జ్ తరంగం 65 సెంటీమీటర్లు. పొడుగు తరంగం అడ్డంకుల అంచున కాస్త వంగి పోగలదు, పొట్టి తరంగానికి ఆ శక్తి తక్కువ. చెట్లలో, మన శరీరంలో ఉన్న నీరు కూడా దాన్ని మింగుతుంది. ప్రకటనలోని కిలోమీటర్లు ఎదురెదురుగా కనబడే మైదానంలోనివి. 2015లో కార్డో కంపెనీ, 2018లో సేనా కంపెనీ తెచ్చిన 'మెష్' పద్ధతి మాత్రం మెచ్చుకోదగినది. పాత బ్లూటూత్‌లో జట్టు గొలుసుకట్టుగా ఉండేది, మధ్య మనిషి తప్పిపోతే గొలుసు తెగేది. మెష్‌లో ప్రతి హెల్మెట్టూ మిగతావారి మాటను అందుకుని ముందుకు పంపుతుంది, ఒకరు తప్పిపోతే మరొక దారి వెతుక్కుంటుంది. అడవి బాటలో వరుసగా వెళ్ళేవారికి ఇది చక్కగా సరిపోతుంది. కాని కొండ అవతల ఒక్కడే చిక్కుకున్నవాడికి అందించేవారెవరు?

ఇక బ్యాటరీ. లిథియం-అయాన్ బ్యాటరీలో అయానులు ఈదే ద్రవం చలికి చిక్కబడుతుంది, అంతర్నిరోధం పెరుగుతుంది. అందుకే చార్జి మిగిలి ఉండగానే పరికరం ఆగిపోతుంది, వెచ్చబడితే మళ్ళీ లేస్తుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జి చేస్తే లోపల లోహ లిథియం పేరుకుని బ్యాటరీ పాడవుతుంది. హెల్మెట్ బయట అతికించిన పెట్టెకు చలిగాలి నేరుగా తగులుతుంది. ఇంతకంటే రేడియోను కోటు లోపల, ఒంటి వెచ్చదనంలో ఉంచి, మైకు తీగను కాలర్ దగ్గరకు తేవడం మేలని నాకు తోస్తుంది.

అయితే ఆ వెచ్చని చోటు ఖాళీగా లేదు! కొండల్లో తిరిగేవారు మంచుచరియల కింద కూరుకుపోతే జాడ తెలిపే బీకన్‌ను ఛాతీ మీదే కట్టుకుంటారు. అది 457 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పంపుతుంది. దగ్గరలోని రేడియోలు, ఫోన్లు, అయస్కాంతాలు దాన్ని గందరగోళపరుస్తాయి. సంకేతం పంపేటప్పుడు వాటి నుంచి కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడం ఉండాలన్నది నియమం. వెతికేవాడు చివరి దశలో మంచు మీదకు వంగుతాడు. అప్పుడు స్పీకర్లు, రేడియో ఉన్న హెల్మెట్ చేతిలోని బీకన్‌కు ఎంత దగ్గరవుతుందో ఒకసారి మీరే వంగి, ఏదైనా వస్తువు పట్టుకుని కొలిచి చూడండి. కూరుకుపోయినవాడికి మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రాణం. ఈ సంగతి పరికరం పెట్టె మీద, 'ఇన్ని గంటలు' అన్నంత పెద్ద అక్షరాల్లో ఉండాలని నా ఫిర్యాదు.

రేడియో వద్దనడం లేదు. 2010 మార్చి 13న బ్రిటిష్ కొలంబియాలోని రెవెల్‌స్టోక్ దగ్గర, బౌల్డర్ కొండ మీద సుమారు 200 మంది చేరిన చోట మంచుచరియలు విరిగిపడ్డాయి. ఇద్దరు మరణించారు, 30 మంది వరకు గాయపడ్డారు. వాలు మీద ఒక్కసారి ఒక్కరే ఉండాలి, మిగిలినవారు సురక్షితమైన చోటునుంచి చూడాలి అన్నది ఆ కొండల నియమం. చూసేవాడు చెప్పాల్సింది ఒక్క మాటే. పైవాడికి ఆ మాట చప్పుడులోంచి వినబడేలా చేయగల సాధనం ఇంతకుముందు లేదు. నేను ఎంచవలసి వస్తే, ఎంతమంది మాట్లాడుకోవచ్చని అడగను. మందపు చేతితొడుగుతో నొక్కగలిగే బటను ఉందా, చలిలో ఎంతసేపు నిలుస్తుంది అని అడుగుతాను.

పాత చేతి సైగలను కూడా వదలను. స్నోమొబైల్‌లో యాక్సిలరేటర్ కుడి బొటనవేలి కింద ఉంటుంది, కనుక సైగలన్నీ ఎడమ చేతితోనే. చెయ్యి నిటారుగా లేపితే 'ఆగు'. బొటనవేలితో వెనక్కి చూపితే 'నా వెనుక ఇంకా బళ్ళున్నాయి'. మోచేతిని మడిచి పిడికిలి పైకి పట్టుకుంటే 'వరుసలో చివరివాణ్ణి నేనే'. ఎదురుగా వచ్చే బండి మన జట్టుది కాదు, దాని హెల్మెట్‌కు మన హెల్మెట్‌తో ముడి లేదు. ఆ పిడికిలి మాత్రం అతనికి అర్థమవుతుంది.