మిద్దె నెత్తిన మట్టి

మా సిరుగుప్ప తాలూకాలో ఎవరు ఇల్లు కట్టినా డబ్బంతా కంటికి కనిపించే చోటికే పోతుంది. ముందు ఎలివేషన్, టేకు తలుపు, హాల్లో గ్రానైట్, ఆపైన పీఓపీ. స్లాబు పోశాక దాని నెత్తి సంగతి అడిగేవాడు లేడు. ట్యాంకు చూడ్డానికో, వడియాలు ఎండబెట్టడానికో తప్ప ఎవరూ పైకెక్కరు. ఎండ మాత్రం రోజూ ఎక్కుతుంది.

మా తాలూకాలోని దేశనూరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పదిహేనున్నర డిగ్రీల మీద ఉంది. అందుకే మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి మధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తిన నిలబడతాడు. ఆ వేళ గోడలకు ఎండ ఏటవాలుగా తగిలీ తగలకుండా పోతే, కప్పు మీద నిట్టనిలువునా పడుతుంది. ఒక్క అంతస్తు ఇంట్లోకి వేడి ఎక్కువగా దిగేది పైనుంచే. చలి దేశాలవాళ్ళు లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఇంటికి ఇన్సులేషన్ వేసుకుంటారు. మనం బయటి మంట లోపలికి రాకుండా వేసుకోవాలి.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. అందుకే మట్టి కప్పు మిద్దెలు కట్టుకున్నారు. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి, సిరుగుప్ప మైసూరుకు పోయాయి. తాలూకాలను పంచుకున్నారు గానీ మిద్దెలు మాత్రం రెండు పక్కలా ఒకటే. అంతకు వేల ఏళ్ళ ముందు సంగతి చూసినా అంతే. మన తాలూకాలోనే ఉన్న తెక్కలకోట గుట్టల మీద 1960లలో ఎం.ఎస్. నాగరాజరావు తవ్వకాలు జరిపితే కొత్త రాతియుగపు గుండ్రటి గుడిసెల ఆనవాళ్ళు బయటపడ్డాయి. తడికల మీద మట్టి మెత్తి కట్టిన గుడిసెలవి. ఈ ఎండను మట్టితో ఆపడం ఇక్కడ అంత పాత విద్య.

మిద్దె కప్పు కట్టడంలో ఒక వరస ఉంది. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెపుల్లలో బండలో, వాటి మీద ఆకూ అలమూ, ఆపైన తొక్కిన బురదమన్ను, అన్నిటికీ పైన చౌడు. చౌడంటే ఊరి బయట తెల్లగా పొడిబారి, గడ్డి కూడా సరిగా మొలవని నేల. సేద్యానికి పనికిరాని ఆ మన్నే మిద్దెకు కావాలి. అందులో సోడియం ఉప్పులు ఎక్కువ. తడి తగలగానే బంకమన్ను రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. పై పొర నానినా నీళ్ళు కిందికి దిగవు.

రోహిణి కార్తెలో ఎండలు మండుతుండగానే బండ్ల మీద చౌడు తోలేవాళ్ళు. గంపలతో నిచ్చెన ఎక్కించి, నెర్రెలిచ్చిన చోటల్లా పరిచి, పారతో దోనె వైపు వాలు తీసేవాళ్ళు. మా అవ్వ కింద నిలబడి, ‘‘ఆ మూలకి ఇంకో రెండు గంపలు ఎయ్యి నాయనా, పోయినేడు ఆడే కారింది’’ అని చెబుతూనే ఉండేది. మృగశిరలో తొలివాన పడ్డాక గానీ ఆ పని బాగా కుదిరిందో లేదో తేలేది కాదు.

దాని ఫలితం లెక్కలోనూ కనిపిస్తుంది. అడుగు మందం మట్టిలోంచి మధ్యాహ్నపు వేడి కిందికి దిగడానికి ఎనిమిది, పది గంటలు పడుతుంది. దిగేది కూడా పైనున్న హెచ్చుతగ్గుల్లో దాదాపు పదో వంతే. ఆ వేళకు కప్పులోని గవాచి తీసి ఉంటుంది, చల్లగాలి తిరుగుతూ ఉంటుంది. అయిదంగుళాల స్లాబులోంచి అదే వేడి మూడు నాలుగు గంటల్లో, అదీ మూడో వంతుకు పైగా దిగిపోతుంది. సరిగ్గా మనం పొలం నుంచో ఆఫీసు నుంచో ఇంటికి చేరే వేళకు. నమ్మకపోతే మే నెలలో రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి స్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. అంత వేడి కప్పు కింద ఫ్యాను తిరిగితే వడగాలే గదా మంచం మీదికి వచ్చేది.

అలాగని మళ్ళీ మట్టి మిద్దెలు కట్టుకోమని నేను చెప్పను. పదడుగులకు పన్నెండడుగుల గది మీద అడుగు మందం మట్టి అంటే అయిదు టన్నుల పైమాట. తడిస్తే ఇంకా బరువు. కింద దూలానికి చెద పట్టిందా, ముసురు పట్టిన రాత్రి ఆ ఇంట్లో నిద్రపోవడమే భయం. పైగా ఏటేటా చౌడు మోయడానికి మనుషులేరీ? స్లాబు వచ్చి ఆ భయం తీర్చింది, మంచిదే. అయితే మట్టితోపాటు అది చేసే పనిని కూడా తీసి పారేశాం.

ఆ పనికి మళ్ళీ మట్టే కావాలని లేదు. ఊళ్ళో ఐసుగడ్డలు అమ్మేవాళ్ళు వాటిని ఊకలో కప్పి ఉంచేవాళ్ళు. ఊక చల్లదనం పుట్టించదు, బయటి వేడిని లోపలికి రానివ్వదు, అంతే. ఏ ఇన్సులేషనైనా చేసేది ఇదే. ఒకే మందంలో కాంక్రీటు పంపే వేడిలో మట్టి మూడో వంతు పంపుతుంది. థర్మోకోల్ నలభయ్యో వంతు కూడా పంపదు. కేంద్రం 2018లో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ కప్పులోంచి దిగే వేడికి ఒక హద్దు పెట్టింది. వట్టి స్లాబు ఆ హద్దుకు దాదాపు మూడింతలు పంపుతుంది. థర్మోకోల్ లాంటి నురగ పలక అంగుళం మందం వేస్తే హద్దు లోపలికి వచ్చేస్తుంది.

ఆ పలక స్లాబు కింద కాదు, పైన వేయాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసి, పలక పరిచి, పైన కాంక్రీటు పూత, ఆపైన తెల్ల టైల్స్. కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే గదిలోకి వేడి కొంత తగ్గుతుంది గానీ స్లాబు ఎండలో కాగుతూనే ఉంటుంది. పగలు సాగి, రాత్రి ముడుచుకుని నెర్రెలిస్తుంది. పైన కప్పితే గదికి చల్లదనం, స్లాబుకు ఆయుష్షు.

పలకకు డబ్బు లేదా, తెల్లరంగు ఉంది. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు కలిసి చూసి 2012లో ప్రచురించిన లెక్క ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏసీకి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. ఇళ్ళలో 600 చదరపు గజాల లోపు వాటికి మాత్రం ఇష్టానికి వదిలేసింది. ఎండకు ఎక్కువగా మాడేది ఆ చిన్న ఇళ్ళే, అందులోనూ రేకుల ఇళ్ళే. ఏసీ లేని వాళ్ళకు దక్కేది బిల్లులో ఆదా కాదు, రాత్రి నిద్ర. ఏ ప్రభుత్వమైనా ముందు సాయం చేయాల్సింది వాళ్ళకు.

ఇల్లు కట్టబోయేవాళ్ళు మేస్త్రీతో ఎస్టిమేట్ రాయించేటప్పుడు గ్రానైట్ కంటే ముందు స్లాబు పైపొర ఖర్చు రాయించండి. కట్టేసినవాళ్ళు శివరాత్రి దాటగానే మిద్దె ఊడ్చి రెండు పూతలు సున్నం కొట్టించండి. వానలకు కొంత పోతుంది. మళ్ళీ ఏడాది మళ్ళీ కొట్టించండి. మనవాళ్ళు ఏటా చౌడు మోసినదానితో పోలిస్తే ఇదేం పెద్ద పని కాదు.