కొలిమికి కొత్తవాళ్లు

ఎర్రగా కాలిన కడ్డీని కొలిమిలోంచి తీశాక మనకు చిక్కేది పదిహేను, ఇరవై సెకన్లు. కడ్డీ సన్నదైతే అదీ ఉండదు. దాగలి మీద పెట్టీ పెట్టగానే ఆ చల్లటి ఇనుము కూడా వేడిని లాగేసుకుంటుంది. నారింజ రంగు ఎరుపుకి, ఎరుపు నలుపుకి తిరిగేలోపు పడిన దెబ్బలే లెక్క. ఆ తర్వాత ఎంత బాదినా చప్పుడే తప్ప ఇనుము సాగదు, పైగా చీలినా చీలుతుంది. అందుకే మా మాస్టారు మొదటి పూటంతా సుత్తి సంగతి పక్కనబెట్టి చూపు గురించే చెప్పాడు. ఎక్కడ కొట్టాలి, ఎటు తిప్పాలి అన్నది కడ్డీ నిప్పుల్లో ఉండగానే తేల్చుకోవాలి. బయటికి తీశాక ఆలోచిస్తూ నిలబడితే మళ్లీ కొలిమిలో పెట్టుకోవడమే.

అమెరికాలో నార్త్ కరోలినా పశ్చిమ కొసన, కొండల మధ్య బ్రాస్‌టౌన్ అని ఒక పల్లె. అక్కడ జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్ ఉంది. ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్, మార్గరీట్ బట్లర్ అనే ఇద్దరు మహిళలు డెన్మార్క్ జానపద పాఠశాలల పద్ధతి నచ్చి 1925లో దీన్ని పెట్టారు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. నేత, కుమ్మరం, బుట్టల అల్లకం, వడ్రంగం, కమ్మరం, ఏది కావాలంటే అది వారాంతంలోనో వారం పాటో ఉండి నేర్చుకోవచ్చు. షార్లెట్‌లో అబ్బాయి ఇంట్లో ఉండగా మా కోడలు, "చేతివృత్తుల మీద ఊరికే రాస్తుంటారు కదా మామయ్యా, ఒకసారి చేసి చూడండి" అని ఫీజు కట్టేసింది. మెచ్చుకోలో చురకో నేను అడగలేదు.

నాతోపాటు చేరినవాళ్లలో ఒక నర్సు, రిటైరైన ఒక పైలట్, కాలేజీ పిల్లలు ఉన్నారు. మొదటి పాఠం నలుపలకల కడ్డీకి మొన తీయడం. ఒక దెబ్బ వేసి కడ్డీని పావు చుట్టు తిప్పాలి, మరో దెబ్బ వేసి వెనక్కి తిప్పాలి. తిప్పడంలో కాస్త తేడా వచ్చినా నాలుగు పలకలూ ఒరిగిపోయి గాలిపటం ఆకారం వస్తుంది. గుండ్రటి మొన కావాలన్నా దగ్గరిదారి లేదు. ముందు నాలుగు పలకలు, ఆ మూలలు కొట్టి ఎనిమిది పలకలు, ఆపైనే గుండ్రం. మొదటే గుండ్రంగా కొట్టబోతే పైకి బాగానే కనిపించి లోపల చీలికలు పడతాయి. సుత్తిని గట్టిగా బిగించి పట్టుకోకూడదు. దాగలి దాన్ని తిరిగి పైకి తోస్తుంది, ఆ ఊపును వాడుకోవాలి. కండబలం చూపించిన కుర్రాడొకడు మధ్యాహ్నానికే మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. నర్సు మాత్రం సాయంత్రం దాకా ఒకే తూగులో కొడుతూనే ఉంది.

ఆ షెడ్డులో వెలుతురు తక్కువ. కావాలనే తక్కువగా ఉంచారు. కమ్మరికి థర్మామీటర్ ఇనుము రంగే. ఎండలో చూస్తే ఎర్రటి ఇనుము కూడా నల్లగానే కనిపిస్తుంది. మా ఊళ్లో కొలిమి పాక చూరు నడుం వంచితే తప్ప లోపలికి పోలేనంత కిందికి ఎందుకుండేదో నాకు అక్కడ అర్థమైంది. అయితే అసలు భయపడాల్సింది ఎర్రటి ఇనుముకి కాదు, దాని జోలికి ఎవరూ పోరు. నల్లబడి అమాయకంగా పడి ఉన్న ముక్కలో ఇంకా మూడు, నాలుగు వందల డిగ్రీల వేడి ఉంటుంది. కింద పడినదాన్ని ఎవరూ చేత్తో తీయకూడదన్నది అక్కడ మొదటి నియమం.

పదును పెట్టడం చివరి పాఠం. మామూలు మెత్తటి ఇనుమును కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు, అందులో కార్బన్ చాలదు. లారీ కమాన్ పట్టీలాంటి ఉక్కు అయితే గట్టిపడుతుంది, కానీ అలాగే వదిలేస్తే పెళుసుగా విరుగుతుంది. మళ్లీ కొంచెం వేడి తగలాలి. ఉలిని ఎర్రగా కాల్చి కొస మాత్రం నీళ్లలో ముంచి తీసి, మసి పోయేలా రాయి మీద రుద్దితే, వెనక భాగంలో మిగిలిన వేడి కొస వైపు నడిచి వస్తుంది. దాంతోపాటే రంగులు కదులుతాయి, ముందు ఎండుగడ్డి రంగు, వెనకాలే గోధుమ, ఊదా, నీలం. కావలసిన రంగు కొసకు చేరిన క్షణాన మళ్లీ నీళ్లలో ముంచాలి. ఎండుగడ్డి రంగంటే సుమారు 220 డిగ్రీలు, నీలమంటే 300. మాస్టారు ఇది బోర్డు మీద పట్టిక వేసి చెప్పాడు. మా ఊరి కమ్మరి గడ్డపార మొనను ముంచి, రాయి మీద ఒక్క రుద్దు రుద్ది, ఎవరు పలకరించినా పలక్కుండా దానివంకే చూసి, మళ్లీ చుయ్‌మని ముంచడం చిన్నప్పుడు నేను చూసిందే. అదే చదువు, పట్టిక లేదంతే.

నాతో నేర్చుకున్న కాలేజీ పిల్లలకు డమాస్కస్ కత్తుల పిచ్చి. ఇప్పుడు ఆ పేరుతో చేసేవి రెండు రకాల ఉక్కు పొరల్ని అతికి సాగగొట్టినవి. పూర్వపు డమాస్కస్ కత్తులు మూసలో కరిగించిన ఉక్కువి, ఆ ఉక్కు మన దక్షిణాది నుంచీ పోయేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో దాన్ని తీయడం కళ్లారా చూసి హెన్రీ వాయిసే రాసిన వివరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కొనడానికి పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఇండియా ఉక్కు గుట్టేమిటో తేల్చాలని 1819లో లండన్‌లో కూర్చుని పరీక్షలు చేసిన మైకేల్ ఫారడే ఒక కమ్మరి కొడుకు. ఈ మాట మన కుల సంఘాల వేదికల మీద ఎవరైనా చెబితే బాగుండును.

మన దగ్గర కమ్మరం నేర్చుకోవాలంటే ఆ ఇంట పుట్టడం తప్ప దారి లేదు. ఆ ఇంట పుట్టిన పిల్లలు ఇప్పుడు నేర్చుకోవడం లేదు, వాళ్లను తప్పుపట్టను. ట్రాక్టర్లొచ్చి కర్రు పోయింది, కోత మిషన్లొచ్చి కక్కుకొడవలి పోయింది, కళ్లంలో మేర కొలిచే రైతూ లేడు. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000. మంచిదే. కానీ అది ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లకు. కమ్మరికే కమ్మరం నేర్పడం కమ్మరి వీధిలో సూదులమ్మడం కాదూ? పని రానివాడికి, వేరే కులంవాడికి, ఆడపిల్లకు కొలిమి దగ్గర కూర్చునే చోటెక్కడ? బ్రాస్‌టౌన్ నర్సును ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చాక మా ఊరికి పోయి కమ్మరిని అడిగాను. బయటివాళ్లు డబ్బు కట్టి వస్తే నేర్పుతావా అన్నా, అని. గీతకార్మికుడి కత్తికి అంచు తీస్తూ తలెత్తకుండానే మాట్లాడాడు.

"నేర్పుడుకేంది సారూ, నేర్పుత. బొగ్గు ఎవలు తెస్తరు?"

"వాళ్లే తెచ్చుకుంటారు."

"సమ్మెట మా ఇంటామె ఏస్తది. మోకాళ్ల నొప్పులతోని ఆమెకు చాతనైతలేదు. మీ పట్నం పిల్లలు ముందుగాల సమ్మెట ఏస్తరా, వచ్చుడు వచ్చుడే కత్తి చేస్తమంటరా?"

ముందు సమ్మెటే అని ఒప్పుకున్నాను. బ్రాస్‌టౌన్ ఫీజు చెబితే నమ్మలేదు, రెండోసారి చెప్పించుకుని భార్య వంక చూశాడు. ఆమె తిత్తి ఆపి, "తిండి మన దిక్కెల్లా?" అంది. కాదన్నాను.

"కోతలైనంక పంపుండ్రి" అన్నాడు. "ఇద్దర్నే. ముగ్గురైతే జాగ సాలది."