యాక్సిస్ ఎటుంది?

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఈసీజీ తీయగానే, ఇప్పటి యంత్రం గీతలతో పాటు తన తీర్పు కూడా కాగితం పైఅంచున అచ్చేసి ఇస్తుంది. రేటు ఇంత, పీఆర్ ఇంత, క్యూటీ ఇంత, యాక్సిస్ ఇన్ని డిగ్రీలు, ఆ కింద నార్మల్ అనో అబ్‌నార్మల్ అనో ఒక ముక్క. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల వైపు నర్సింగ్ హోముల్లో రాత్రి డ్యూటీ చేసే కుర్ర డాక్టర్ల కళ్లు ముందు ఆ ముక్క మీదికే పోతాయి. పాతకాలపు మెడిసిన్ ప్రొఫెసర్లు మాత్రం ఆ అంచు మడిచేసి కాగితం చేతికిస్తారు. రేటు చెప్పు, రిథమ్ చెప్పు అన్నాక వాళ్లడిగే మూడో ప్రశ్న, యాక్సిస్ ఎటుంది అని. యంత్రం చెప్పనే చెప్పింది కదా, మళ్లీ మనమెందుకు లెక్కకట్టాలి అనిపిస్తుంది. కట్టాలి. ఎందుకో చెబుతాను.

గుండెలో కరెంటు కుడివైపు పైగదిలో ఉన్న సైనస్ నోడ్ దగ్గర పుడుతుంది. పైగదులన్నీ దాటి, ఏవీ నోడ్ దగ్గర ఒక్క క్షణం నిలిచి, కిందిగదుల్లోకి పాకుతుంది. ఎడమ కిందిగది గోడ కుడిదానికంటే బాగా మందం. అందుకని అన్ని దిక్కులకూ పోయే కరెంటును కూడి చూస్తే, మొత్తం మీద మొగ్గు కిందికీ ఎడమకీ తేలుతుంది. ఆ మొగ్గే యాక్సిస్. దాన్ని బయటి నుంచి చూసే కళ్లు లీడ్లు. సంగారెడ్డి చౌరస్తా నుంచి పటాన్‌చెరుకు లారీ బయల్దేరిందనుకోండి. ఇస్నాపూర్‌లో నిలబడ్డవాడికి అది ఎదురొస్తుంది, చౌరస్తాలో ఉన్నవాడికి వీపు చూపిస్తుంది, నడిమధ్య రుద్రారంలో రోడ్డు పక్కనున్నవాడికి సగం వచ్చినట్టు, సగం పోయినట్టు ఉంటుంది. లీడుకు ఎదురుగా కరెంటు వస్తే గీత పైకి లేస్తుంది, దూరం పోతే కిందికి దిగుతుంది, అడ్డంగా పోతే ఎంత లేస్తుందో అంత దిగుతుంది.

చేతులకు, కాళ్లకు పెట్టిన క్లిప్పుల నుంచి ఇలాంటి చూపులు ఆరు వస్తాయి. లీడ్ 1 సరిగ్గా ఎడమచేతి వైపు నుంచి, అంటే సున్నా డిగ్రీల దగ్గర నుంచి చూస్తుంది. ఏవీఎఫ్ పాదాల వైపు నుంచి, 90 డిగ్రీల దగ్గర నుంచి చూస్తుంది. లీడ్ 2 వీటి మధ్య 60 దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లలో యాక్సిస్ మైనస్ 30 నుంచి ప్లస్ 90 లోపు ఉంటే మామూలే.

ఇక లెక్క. లీడ్ 1లో క్యూఆర్ఎస్, అంటే కిందిగదుల కరెంటు గీసే గీత, ఎన్ని చిన్న గళ్లు పైకి లేచింది, ఎన్ని దిగింది, తీసివేయండి. ఏవీఎఫ్‌లోనూ అంతే. రెండూ పైకే ఉంటే యాక్సిస్ మామూలు, ముందుకు సాగిపోవచ్చు. లీడ్ 1 కిందికీ ఏవీఎఫ్ పైకీ ఉంటే కుడికి తిరిగింది. లీడ్ 1 పైకీ ఏవీఎఫ్ కిందికీ ఉంటేనే చిక్కు, అప్పుడు మైనస్ 30కు సరిగ్గా అడ్డంగా ఉండే లీడ్ 2ను అడగాలి. ఒక కాగితంలో లీడ్ 1 ప్లస్ 8, ఏవీఎఫ్ మైనస్ 2 ఉందనుకుందాం. లీడ్ 2 ప్లస్ 2 చూపిస్తే, ఏవీఎఫ్ దిగినా యాక్సిస్ ఇంకా హద్దులోనే ఉన్నట్టు. మరో కాగితంలో లీడ్ 1 ప్లస్ 6, ఏవీఎఫ్ మైనస్ 7, లీడ్ 2 మైనస్ 4. ఇది మైనస్ 30 దాటి ఎడమకు పోయింది. అనుమానమొస్తే సరిచూసుకునే దారి కూడా ఉంది: లీడ్ 1, లీడ్ 3 కలిపితే లీడ్ 2 రావాలి. రెండో కాగితంలో లీడ్ 3 మైనస్ 10 ఉండాలన్నమాట.

ఈ కూడిక ఐంథోవెన్ అనే శాస్త్రవేత్తది. హాలండ్‌లోని లైడెన్‌లో ఆయన వెండిపూత పూసిన సన్నని క్వార్ట్జ్ దారంతో గుండె కరెంటును పట్టే యంత్రం కట్టాడు. దాని బరువు దాదాపు 270 కిలోలు. రోగి రెండు చేతులూ ఎడమకాలూ ఉప్పునీళ్లలో పెట్టి కూర్చునేవాడు. పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అన్న పేర్లూ ఆయన పెట్టినవే. 1905లో కిలోమీటరున్నర దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోన్ తీగ మీద తన ల్యాబుకు ఈసీజీ తెప్పించుకున్నాడు. నోబెల్ 1924లో వచ్చింది. ఇప్పుడు ఇస్నాపూర్ నుంచి హైదరాబాద్ కార్డియాలజిస్టుకు వాట్సాప్‌లో ఫొటో పంపేవాళ్లు చేసే పని వయసు నూరేళ్లు దాటిందన్నమాట.

ఉప్పునీళ్లు పోయి క్లిప్పులొచ్చాయి గానీ, తప్పులు మాత్రం క్లిప్పుల దగ్గరే పుడుతుంటాయి. ఎరుపు కుడిచేతికి, పసుపు ఎడమచేతికి, ఆకుపచ్చ ఎడమకాలికి, నలుపు కుడికాలికి. తొందరలో ఎరుపూ పసుపూ తారుమారైతే లీడ్ 1 మొత్తం తలకిందులవుతుంది. క్యూఆర్ఎస్ ఒక్కటే కాదు, పైగదుల కరెంటు గీసే పీ అల కూడా బోర్లా పడుతుంది. కుడిచేతి వైపు నుంచి చూసే, మామూలుగా కిందికే ఉండే ఏవీఆర్ పైకి లేస్తుంది. యంత్రం దాన్ని కుడి యాక్సిస్ అని రాసేయవచ్చు. లీడ్ 1నూ ఏవీఆర్‌నూ చూసే అలవాటున్నవాడు మాత్రం జబ్బు పేరెత్తే ముందు చేతులకున్న క్లిప్పులు చూస్తాడు. యాక్సిస్ చేత్తో కట్టడంలో నాకు కనిపించే మొదటి లాభం ఇదే. ఛాతీకి అతికించే రబ్బరు బల్బుల సంగతి వేరే. మొదటి రెండూ నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు చెరోవైపు ఉండాలి. చొక్కా పూర్తిగా విప్పించే ఓపిక లేక కాలర్ ఎముకకు దగ్గరగా పెట్టేస్తే, లేని పాత గుండెపోటు కాగితం మీద ఉన్నట్టు కనబడుతుంది. షిఫ్టు దిగి చెమటతో వచ్చిన మనిషికి ముందు ఒళ్లు తుడిచి, జెల్లీ రాసి, చేతులు వదులుగా పెట్టుకోమనాలి. లేకపోతే గీత వణుకుతుంది.

యాక్సిస్ తప్పిందంటే అర్థమేమిటి? కుడికి పోతే ఈ ప్రాంతంలో ముందు అడగాల్సింది ఏ పని చేస్తావని. ఫౌండ్రీలోనో, రాయి పిండిచేసే చోటో ఏళ్ల తరబడి సిలికా దుమ్ము పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు గట్టిపడతాయి. వాటిలోకి రక్తం నెట్టలేక కుడి కిందిగది మందమవుతుంది, మొగ్గు అటు తిరుగుతుంది. లీడ్ 2లో పీ అల రెండున్నర మిల్లీమీటర్లు దాటి మొనదేలుతుంది. ఉన్నట్టుండి ఆయాసంతో పడిపోయిన మనిషిలో కొత్తగా కుడికి తిరిగితే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందేమోనని చూడాలి. బక్కపలచగా పొడుగ్గా ఉండే కుర్రాడికి మాత్రం 90 దగ్గరుండటం జబ్బేమీ కాదు. ఎడమకు పోతే ఎడమవైపు తీగల్లో ముందరి పాయ పనిచేయడం లేదేమో, గుండె కిందిగోడకు ఎప్పుడో దెబ్బ తగిలిందేమో, ఏళ్లనాటి బీపీయేమో ఆలోచించాలి.

ఇన్ని 'ఏమో'లను తగ్గించగలిగింది ఆ మనిషిదే పాత ఈసీజీ. మైనస్ 45 డిగ్రీలు ఐదేళ్ల నుంచీ అలాగే ఉంటే ఒక కథ, పోయిన ఏడాది ప్లస్ 40 ఉండి ఇవాళ మైనస్ 45కు వస్తే ఇంకో కథ. ఈ బెల్టులో పాత ఈసీజీలకు నిజానికి కరువుండకూడదు. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41-సి సెక్షన్, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు పనిలో పెట్టే ముందు, ఆ తర్వాత 12 నెలలు మించకుండా వైద్య పరీక్ష జరగాలంది. మందుల, రసాయనాల కంపెనీలు చాలావరకు అందులో ఈసీజీ కూడా తీయిస్తాయి. తీశాక అది ఫైల్లోకి పోతుంది. కాంట్రాక్టు మారితే మనిషి గడ్డపోతారం నుంచి పాశమైలారం పోతాడు, ఫైలు మాత్రం పాత గేటు లోపలే ఉండిపోతుంది. బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికుడి చేతిలో ఆ ఈసీజీ కాగితం కూడా ఉండదు. పైగా అది థర్మల్ కాగితం. మన ఎండలకు రెండు మూడేళ్లలో వెలిసిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ చేసి ఒక కాపీ కార్మికుడి చేతికిస్తే అయ్యే ఖర్చు రెండు రూపాయలు. కోట్లు పెట్టి క్యాత్ ల్యాబులు కట్టే రోజుల్లో ఈ రెండు రూపాయల పని ఎవరికీ పట్టకపోవడం నాకు వింతగా ఉంటుంది.

యాక్సిస్ బాగుంటే గుండె బాగున్నట్టు కాదు. ముంచుకొస్తున్న గుండెపోటులో చాలాసార్లు యాక్సిస్ చెక్కుచెదరదు. అక్కడ వెతకాల్సింది క్యూఆర్ఎస్ వెంటనే వచ్చే ఎస్టీ భాగం లేచిందా, దిగిందా అని. "ఛాతిల మంట లేస్తుంది సార్, గ్యాసే అయ్యుంటది" అంటూ వచ్చినవాడి మొదటి ఈసీజీ మామూలుగానే ఉండొచ్చు. ఆసుపత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లోపు ఆ మొదటిది తీయాలి. నొప్పి తగ్గకపోతే పావుగంటకో అరగంటకో, ఛాతీ మీద బల్బులు పెట్టిన చోట్లు పెన్నుతో గుర్తుపెట్టి అక్కడే పెట్టి, ఇంకోటి తీయాలి. బల్బు ఒక్క సందు పైకి జరిగినా గీత మారుతుంది, మారింది గుండెలోనా బల్బు దగ్గరా అన్నది తేలదు. రెండు కాగితాల మీదా టైమూ, అప్పుడు నొప్పి ఉందా లేదా అన్నదీ రాసి, పాతది దొరికితే దాంతో కలిపి, మూడూ ఒకే ఫొటోలో పంపితే అవతలి డాక్టరుకు చూడటానికి ఏదైనా ఉంటుంది.