మంచం పక్కన ఉన్న మనిషి మాట

వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు గొట్టం ఎప్పుడు తీయాలో చెప్పాల్సింది డాక్టరే. కానీ బిడ్డ సొంతంగా ఊపిరి తీసుకోగలిగే స్థితికి వచ్చిన సంగతి ముందుగా తెలిసేది మంచం పక్కనున్న సిస్టర్‌కి. పెద్ద డాక్టర్ల రౌండ్స్ పొద్దునో సాయంత్రమో జరుగుతాయి. బిడ్డ మాత్రం అర్ధరాత్రి రెండింటికే సిద్ధమై ఉండొచ్చు. అప్పటినుంచి తెల్లారేదాకా సిరంజి పంపులో మత్తుమందు అదే వేగంతో ఎక్కుతూనే ఉంటుంది. అలా వృథా అయ్యే గంటలు తగ్గాలంటే, మత్తు ఎంత తగ్గించాలి, సొంతంగా ఊపిరి తీసుకోగలడా అన్న పరీక్ష ఎప్పుడు పెట్టాలి అన్న రోజువారీ నిర్ణయాల్లో నర్సుకు రాతపూర్వకమైన అధికారం ఉండాలన్నది నా వాదన.

పిల్లవాడు ఎంత మత్తులో ఉన్నాడో చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. అమెరికాలో పిల్లల నర్సింగ్ పరిశోధనకు పేరుపడ్డ మార్తా కర్లీ బృందం 2006లో ఒక కొలమానాన్ని ప్రచురించింది. సిస్టర్ ముందు మెల్లగా పేరు పెట్టి పిలుస్తుంది. పలక్కపోతే చేత్తో తడుతుంది. అప్పటికీ కదలకపోతే, గొట్టంలోంచి కఫం లాగడానికి ఎలాగూ చేయాల్సిన సక్షన్ చేసేటప్పుడు దగ్గు వచ్చిందా, మొహం చిట్లించాడా అని చూస్తుంది. ఏ స్పందనా లేకపోతే మైనస్ 3, మెలకువగా ఉండి ఊరుకోబెడితే ఊరుకుంటుంటే సున్నా, పట్టుకున్నా ఆగకుండా పెనుగులాడుతుంటే ప్లస్ 2. ఐసీయూలో పిల్లలకు వచ్చే మతి తప్పిన స్థితికి, మన పెద్దవాళ్లు సంధి అనే దానికి, ఇంకో కొలత ఉంది. ఎనిమిది ప్రశ్నలు, షిఫ్ట్‌కి ఒకసారి రాస్తారు. చూసుకునే మనిషి కళ్లలోకి బిడ్డ చూస్తున్నాడా అన్నది అందులో మొదటిది. తల్లి దగ్గరుంటే దీనికి నికరమైన జవాబు దొరుకుతుంది. తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టే మన ఐసీయూల అలవాటు మారాలనడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. రోజులతరబడి ఇచ్చిన మందు తగ్గించేటప్పుడు వచ్చే వణుకు, చెమట, ఆవలింతలు, నీళ్ల విరేచనాలు కూడా ముందు కనిపించేది డ్యూటీలో ఉన్న సిస్టర్‌కే. ఇన్ని చూస్తున్న మనిషి చార్ట్ నింపి ఊరుకోవాలంటే ఆ చూపంతా వృథా.

బ్రిటన్‌లో ఈ ఆలోచనను పెద్ద ఎత్తున పరీక్షించారు. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలోని బ్రోనా బ్లాక్‌వుడ్ నాయకత్వంలో శాండ్‌విచ్ ట్రయల్ 2018, 2019 సంవత్సరాల్లో 18 పిల్లల ఐసీయూల్లో, 8,843 మంది పిల్లలతో జరిగింది. మత్తును క్రమం తప్పకుండా కొలవడం, గొట్టం తీయడానికి బిడ్డ సిద్ధమా అని రోజూ చూడడం, రౌండ్స్‌లో అందరూ కలిసి ఆ రోజు లక్ష్యం పెట్టుకోవడం, ఇవన్నీ మంచం దగ్గరి నర్సును కలుపుకొని చేశారు. లెక్కలు సరిచేసి చూస్తే గొట్టం సుమారు 6 గంటలు ముందుగా బయటికి వచ్చింది. ఇది ఎంత పెద్ద లాభమో చెప్పలేమని పరిశోధకులే ఒప్పుకున్నారు. ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గలేదు, కాస్త పెరిగాయి కూడా. అనుకోకుండా గొట్టం ఊడిరావడమూ ఎక్కువైంది. ఈ చివరిది నిజంగా భయపెట్టే మాట, దాన్ని దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. కాకపోతే మళ్లీ గొట్టం వేయాల్సి రావడం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఊడినవాటిలో కొన్నిటికైనా అప్పటికే అవసరం తీరిపోయిందని దీన్నిబట్టి నేను అనుకుంటున్నాను.

కర్లీయే నడిపించిన రిస్టోర్ ట్రయల్ ఫలితం 2015లో వచ్చింది. అమెరికాలోని 31 ఐసీయూలు, 2,449 మంది పిల్లలు. నర్సులు అమలుచేసిన మత్తు పద్ధతి వల్ల వెంటిలేటర్ రోజులు తగ్గలేదు, ఈ పద్ధతి పాటించినచోటా, మామూలు చికిత్స ఇచ్చినచోటా 6.5 రోజులే. ఈ ఒక్క అంకె చూసి పద్ధతి విఫలమైందన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ పక్కనున్న అంకెలు ముఖ్యం. గొట్టం ఉండగానే మెలకువగా, ప్రశాంతంగా గడిచిన రోజులు 75 శాతం నుంచి 86 శాతానికి పెరిగాయి. నల్లమందు జాతి మందులు వాడిన రోజులు 10 నుంచి 9కి తగ్గాయి. అయితే నొప్పి, అలజడి నమోదైన రోజులూ ఎక్కువే. మెలకువగా ఉన్న బిడ్డ బాధపడితే ఏం లాభమన్నది న్యాయమైన అభ్యంతరం. దానికి మందు నొప్పిమందే. నొప్పిని నొప్పిగా గుర్తించి దానికి చికిత్స చేయాలి. గాఢమైన మత్తులో ఉన్న బిడ్డ నొప్పి చెప్పలేడు, కాబట్టి అంకెల్లోనూ అది కనపడదు.

అసలు చిక్కు మనుషుల కొరత. ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మన రాష్ట్రాల్లో చాలాచోట్ల ఒక్క సిస్టర్ ఇద్దరు ముగ్గురు పిల్లల్ని చూస్తోంది. అలాంటి వార్డులో మత్తు తగ్గిస్తే గొట్టం కాపలా ఎవరు కాస్తారని సీనియర్ డాక్టర్లు అడుగుతారు. వాళ్ల మాట నిజమే. కాపలా కాసే చేతులు లేకుండా ఈ పద్ధతి తెస్తే పిల్లలకే ప్రమాదం, తప్పు పడేదేమో ఆ సిస్టర్ మీద. అందుకే నియామకాలు జరగాలి, అధికారం ఇచ్చే కాగితం మీద డాక్టర్ల విభాగాధిపతి సంతకమూ ఉండాలి. అయితే ఖర్చులేని మొదటి అడుగు ఒకటుంది. రౌండ్స్‌లో మంచం దగ్గర మొదట మాట్లాడాల్సింది సిస్టర్. రాత్రి మత్తు అంకె ఎంత, సక్షన్‌కి దగ్గాడా, కళ్లు తెరిచి ఎవరి వైపు చూశాడు, ఈ రోజు మందు ఎంత తగ్గించవచ్చనుకుంటోంది? రేపటి రౌండ్స్‌నుంచే ఇలా మొదలుపెట్టవచ్చు.