చల్లే చేతులు

మా అక్క కూతురి పెళ్లిలో జీలకర్రా బెల్లం పెట్టగానే ఎవరో గొట్టం పేల్చారు. మండపమంతా రంగు కాగితాల వాన. అందరం అక్షింతలు పట్టుకుని ముందుకు కదిలాం. పెళ్లికూతురికి అమ్మమ్మ అయ్యుండీ మా అమ్మ స్తంభం పక్కనే ఉండిపోయింది. నాన్న పోయినప్పటినుంచీ ఇంతే. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. కాగితాలకి మాత్రం ఆ పట్టింపు లేదు. అమ్మ జుట్టులోనూ నాలుగు ముక్కలు చిక్కుకున్నాయి.

ఈ కాగితాలు చల్లే అలవాటు ఎక్కడిదా అని వెతికితే ఇటలీ దాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడి ఉత్సవాల్లో ఒకప్పుడు పంచదార పూత పెట్టిన ధనియాలు, బాదంపప్పులు విసురుకునేవారు. తర్వాత సుద్ద ఉండలు వచ్చాయి. ఇప్పటికీ ఇటాలియన్‌లో కాన్ఫెట్టి అంటే పెళ్లిళ్లలో పంచే తీపి బాదంపప్పులే. కాగితం ముక్కల్ని ధనియాల పేరుతో కొరియాందొలి అంటారు. 1870ల్లో మిలాన్ దగ్గర క్రెషెంజాగోకి చెందిన ఎన్రికో మాంజిలి అనే ఇంజనీరు వాటిని అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. పట్టుపురుగుల పడకలకోసం కాగితాలకి చిల్లులు పొడిస్తే రాలిపడిన గుండ్రటి ముక్కలవి.

చరిత్ర ఆయన పేరు రాసుకుని ముందుకు పోయింది. ఆ కాగితాలకి చిల్లులెందుకు అన్నది నా ప్రశ్న. పురుగుల మీద చిల్లుల కాగితం పరిచి దానిపైన తాజా మల్బరీ ఆకు వేస్తే, పురుగులు చిల్లుల్లోంచి పైకి పాకుతాయి. కిందున్న చెత్త తీసేయొచ్చు. ఆకు కోసేది, వేసేది, చెత్త ఎత్తేది ఎక్కువగా ఆ పల్లె ఇళ్లలోని ఆడవాళ్లూ పిల్లలూ. గుడ్లని గుడ్డలో మూటగట్టి, రొమ్ముల మధ్య పెట్టుకుని, ఒంటి వేడితో పొదిగించిందీ ఆడవాళ్లే. పండగ కాగితం వాళ్ల చాకిరీ అంచున పుట్టింది. పండగ కథలో మాత్రం వాళ్లు లేరు.

వాన ఎవరిమీద కురుస్తుంది, ఎవరిని దూరం పెడుతుంది? దీనికి న్యూయార్క్ ఇంకా బాహాటమైన ఉదాహరణ. 1886 అక్టోబర్ 28న స్వేచ్ఛా ప్రతిమ ఆవిష్కరణ. ఊరేగింపు మీద వాల్‌స్ట్రీట్ ఆఫీసు కుర్రాళ్లు షేర్ల ధరలు అచ్చయ్యే కాగితపు చుట్టలు కిటికీల్లోంచి విసిరారు. ఊరేగింపులకి అదే ఆనవాయితీ అయింది. దీవిమీద జరిగిన సభకి మాత్రం ఆడవాళ్లని దాదాపు రానివ్వలేదు. తొక్కిసలాటలో దెబ్బలు తగులుతాయట! ఓటుహక్కు కోసం పోరాడుతున్న స్త్రీలు పడవ ఒకటి అద్దెకి తీసుకుని నీళ్లమీంచే నిరసన తెలిపారు. స్వేచ్ఛకి స్త్రీ రూపం ఇచ్చారు, స్త్రీకి ఓటు ఇవ్వలేదు. ఆ రాష్ట్రంలో అది రావడానికి 1917 దాకా పట్టింది.

తర్వాత ఆడవాళ్లమీదా కాగితాలు కురిశాయి. 2019 జులైలో ప్రపంచకప్ గెలిచిన అమెరికా మహిళా ఫుట్‌బాల్ జట్టు అదే దారిలో ఊరేగింది. జనం "సమాన వేతనం" అని అరిచారు. ఎందుకంటే ఆ క్రీడాకారిణులు ఆ ఏడాది మార్చి 8నే తమ ఫుట్‌బాల్ సమాఖ్యమీద వివక్ష దావా వేసి ఉన్నారు. 2 కోట్ల 40 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది 2022లో. కాగితాలు చల్లడానికి ఒక్క పూట చాలింది. కూలి ఒప్పించుకోడానికి మూడేళ్లు.

అందుకే ఈ వానని నేను ఉత్త సంబరంగా చూడలేకపోతున్నాను. గౌరవం చల్లడం తేలిక. చోటు ఇవ్వడం కష్టం.

ఇటలీ ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదని కోప్పడుతున్న నేను, ఆ రాత్రి మండపం ఊడ్చినావిడ పేరు అడగలేదు. అమ్మ జుట్టులో కాగితాలు ఏరాను గానీ, అంతకుముందు నా గుప్పిట్లో అక్షింతలతో ఆమెని దాటుకునే ముందుకు వెళ్లాను. ఆమె చెయ్యి పట్టుకుని నాతోపాటు తీసుకెళ్లాలని నాకూ తోచలేదు.