పెంకు టక్కుమనాలి

కేక్ బాల్ కుదిరిందో లేదో తేల్చడానికి నాలుక దాకా వెళ్ళనక్కర్లేదు, చెవి చాలు. కొరకగానే పైనున్న చాక్లెట్ పెంకు టక్కుమని విరగాలి. ఆ వెంటనే లోపలి కేకు పంటికి అంటుకోకుండా విడిపోవాలి. ఈ రెండూ ఒక్క కొరుకులో జరిగితే, చేసినావిడ చేతికి దండం పెట్టవచ్చు. జంషెడ్‌పూర్‌లో అలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. డిసెంబరు మూడోవారం వచ్చేసరికి కద్మాలో, సోనారిలో, గోల్మురిలో, టెల్కో క్వార్టర్లలో వంటింటి గట్టుమీద బటర్ పేపరు పరిచి, వరసలు వరసలుగా నల్లటి ఉండలు పేర్చే ఇళ్ళు నాకు తెలుసు. వాటిలో తెలుగిళ్ళు తక్కువేం కాదు. క్రిస్మస్‌కు పొరుగువాళ్ళకు పంచడంతో మొదలుపెట్టి, సంక్రాంతి దాకా చేస్తూనే ఉంటారు.

ఈ ఉండ మా ఊరికి ఎలా వచ్చిందంటే తలా ఒక మాట చెబుతారు. ఉక్కు కంపెనీ ఆఫీసర్ల బంగళాల్లో వంటవాళ్ళు నేర్పారని కొందరంటారు. నా మొగ్గు మాత్రం కలకత్తా వైపే. 1902లో పుట్టిన నహూమ్స్, 1927లో పార్క్ స్ట్రీట్‌లో మొదలైన ఫ్లూరీస్, రెండూ రమ్ బాల్‌కు పేరుమోసినవే. మా ఊరి స్టేషన్ టాటానగర్‌లో స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కలకత్తా వెళ్ళి రాత్రికి ఇంట్లో ఉండవచ్చు. ఆ రైల్లో ఎన్ని కేకు డబ్బాలు ఈ ఊరు చేరాయో లెక్కలేదు. తిన్నవాళ్ళు ఊరుకుంటారా, రమ్ము మానేసి ఇంట్లో చేసి చూశారు. బయటి దేశాల మాటకొస్తే, డెన్మార్క్ బేకరీల్లో మిగిలిన కేకుల్ని చిదిపి, రమ్ము రుచి చేర్చి ఉండలు కట్టే అలవాటు పాతదే. అమెరికాలో బేకరెల్లా పేరుతో రాసే యాంజీ డడ్లీ ఇలాంటి ఉండలకు పుల్ల గుచ్చి 2008లో దేశమంతా ఊపేశారు, 2010లో కేక్ పాప్స్ పుస్తకం వేశారు, మరుసటి ఏడాది స్టార్‌బక్స్ ఆ పుల్ల ఉండల్ని అమ్మకానికి పెట్టింది. ఆవిడ ఉండల మీద తీర్చే జంతువుల ముఖాలు ముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ ఆ దారిలో పుల్ల మీద, రంగు మీద, బొమ్మ మీద ధ్యాస పెరిగి పెంకు సంగతి వెనకబడింది. అందుకే నేను కలకత్తా పక్షం.

తెలుగువాళ్ళకు ఈ పని ఇట్టే పట్టుబడటానికి కారణం ఉంది. ఉక్కు కంపెనీలో పనికని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలివి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నట్టే, తమ వంటనూ వెంట తెచ్చుకున్నారు. పండగొస్తే పూర్ణం బూరెలు వండాల్సిందే. పూర్ణం గట్టిపడాలి, ఉండ గుండ్రంగా రావాలి, తోపు మరీ జారుగా ఉండకూడదు, మరీ ముద్దగా ఉండకూడదు, అంతటా సమంగా పట్టాలి, నూనెలో చిట్లకూడదు. కేక్ బాల్‌కూ అచ్చంగా ఇవే పరీక్షలు. అక్కడ తోపును నూనె బిగిస్తే, ఇక్కడ చాక్లెట్‌ను చలి బిగిస్తుంది, అంతే తేడా.

కద్మాలో మా వీధిలో ఒక పెద్దమ్మ ఉన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆవిడ పనిచేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని చూస్తూ ఉండిపోతాను. కేకు ముందురోజే కాల్చి పెడతారు. వేడి కేకును చిదిపితే ముద్దవుతుంది, ఒక రాత్రి ఆరినది పొడిపొడిగా రాలుతుంది. పైనా అంచులోనూ గోధుమరంగు తిరిగిన పెచ్చును చాకుతో తీసేస్తారు, లేకపోతే ఉండలో పలుకుగా తగులుతుంది. మిగిలినదాన్ని వేళ్ళతోనే చిదపాలి, మిక్సీ పెట్టనివ్వరు. అరకిలో పొడికి, వెన్నా పంచదారపొడీ గిలకొట్టిన క్రీము 125 గ్రాములు మించనివ్వరు. అదైనా ఒక్కసారిగా వెయ్యరు, చెంచా తర్వాత చెంచా. గుప్పెట్లో నొక్కితే ముద్ద నిలవాలి, బొటనవేలితో ఒత్తితే మధ్యకు విరగాలి, అరచేతికి జిడ్డు అంటకూడదు. క్రీము ఎక్కువైందా, కొరికినవాళ్ళకు కేకు దొరకదు, తియ్యటి పిండి దొరుకుతుంది. పుస్తకాలు చూసి డబ్బాడు క్రీము కుమ్మరించేవాళ్ళు చేసే తప్పు ఇదే.

ఉండ 20 గ్రాములు. ఆవిడ కళ్ళతో చూసి చిదిమిన ముద్దల్ని కాటాలో వేసి చూశాను, ఒకదానికీ ఇంకోదానికీ గ్రాము తేడా లేదు! "చెయ్యి వేడెక్కితే ఉండకు చెమట పడుతుందిరా నాయనా" అంటూ మధ్యమధ్య చల్లనీళ్ళలో చేతులు ముంచి, బొట్టు మిగలకుండా తుడుచుకుంటారు. చుట్టిన ఉండలు ఫ్రిజ్‌లో గంటసేపు ఉండాలి. తొందరపడి ఫ్రీజర్‌లో పెడితే తర్వాత ఏడవాల్సిందే. గడ్డకట్టిన ఉండ మీద పెంకు ముందు బిగుసుకుంటుంది, ఆపైన లోపలిది వేడెక్కి ఉబ్బుతుంది, పెంకు నిలువునా పగులుతుంది. అందుకే ముంచబోయే ముందు ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచుతారు.

అసలు విద్యంతా చాక్లెట్ కరిగించే దగ్గరుంది. చాక్లెట్‌లోని కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. వాటిలో ఐదో రకమే మనకు కావలసింది. నిగనిగలాడేది అదే, విరిగితే చప్పుడు చేసేది అదే, దాదాపు 34 డిగ్రీల దగ్గర, అంటే నోటి వేడికే, కరిగేది కూడా అదే. నాసిరకం స్ఫటికాలు కలిస్తే పెంకు వేలికి అంటుతుంది, రెండ్రోజుల్లో బూడిదరంగు చారలు తేలతాయి. ఆ ఐదో రకాన్ని రప్పించే పనినే టెంపరింగ్ అంటారు. డార్క్ చాక్లెట్ సన్నగా తరిగి, మూడింట రెండు వంతులు పొడి గిన్నెలో వేసి, కింద మరిగే నీళ్ళు గిన్నెకు తగలకుండా ఉత్త ఆవిరి సెగకే 45 డిగ్రీల దాకా కరిగించాలి. సెగ తీసేసి, మిగిలిన ఒక వంతు తరుగు కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతూ పోవాలి. ఆ తరుగులో ఉన్న మంచి స్ఫటికాలను చూసే మిగతా వెన్న కూడా అదే వరసలో కూర్చుంటుంది. 28కి దిగాక మళ్ళీ కాసేపు ఆవిరి చూపించి 31, 32 మధ్య నిలబెట్టాలి. అది దాటి వేడెక్కిందా, పని మళ్ళీ మొదటికొస్తుంది. పాల చాక్లెట్‌కైతే రెండు డిగ్రీలు తక్కువ. ఇంత జరిగేలోపు గిన్నెలో ఒక్క నీటిబొట్టు పడ్డా చాక్లెట్ గరుకుగా ముద్దకట్టి పెంకుకు పనికిరాకుండా పోతుంది.

పెద్దమ్మకు థర్మామీటరు అక్కర్లేదు. చెంచా కొసతో కాస్త తీసి కింది పెదవి కింద అద్దుకుంటారు. పిసరంత చల్లగా తగిలితే సరే. తర్వాత చాకు కొసకు రాసి పక్కన పెడతారు. ఐదు నిమిషాల్లో చారలు లేకుండా బిగుసుకుని మెరిస్తేనే ఉండ ముట్టుకుంటారు. ఆవిడ సరేనన్న గిన్నెలో ఓసారి నేను థర్మామీటరు ముంచి చూస్తే 31.5 చూపించింది. ఇంకేం చెప్పాలి!

ముంచడం చూడాలి. మధ్య పళ్ళు విరిచేసిన ప్లాస్టిక్ ఫోర్కు మీద ఉండను పెట్టి చాక్లెట్‌లోకి దించుతారు, మునగగానే ఎత్తి గిన్నె అంచుకు ఫోర్కును టకటకా కొడతారు. ఆ అదురుకు అదనంగా పట్టిన చాక్లెట్ జారిపోయి పెంకు పలచబడుతుంది. ఫోర్కు అడుగును అంచుకు ఒకసారి రాచి, ఉండను పేపరు మీదకు జార్చి, మణికట్టు చిన్నగా తిప్పి ఫోర్కు లాగేస్తారు. చెయ్యి తిరగనివాళ్ళ ఉండ కింద చాక్లెట్ మడుగు కట్టి ఎండిపోతుంది. పెద్దమ్మ ఉండల్ని తిరగేసి వెతికినా మడుగు కనబడదు. కోసి చూస్తే పెంకు పైనా పక్కలా అడుగునా ఒకే మందంలో ఉంటుంది.

ఈ పనికి మా ఊరి డిసెంబరు కలిసొస్తుంది. గాలి పొడిగా ఉంటుంది, పొద్దుటిపూట వంటిల్లు చల్లగా ఉంటుంది. ముంచిన ఉండలు ఫ్రిజ్ అవసరం లేకుండా వాటంతటవే బిగుసుకుని, రేకు డబ్బాలో వారం దాకా నిలవుంటాయి. విశాఖలో మా బంధువులు ఇదే పని చెయ్యబోతే సముద్రపు తేమకు ఫ్రిజ్‌లోంచి తీసిన ప్రతి ఉండా చెమర్చింది. పైగా ఇక్కడ ఆ నెలలోనే ఖర్జూరపు బెల్లం వస్తుంది. బెంగాలీ పొరుగువాళ్ళు నొలెన్ గుడ్ అనే ఆ బెల్లాన్ని పంచదార బదులు క్రీములో కలిపి సోనారిలో ఒక పిన్నిగారు చేసే ఉండ ఉంది. పొగవాసన తగిలే ఆ తీపి మీద డార్క్ చాక్లెట్ చేదు కలిస్తే, ఫ్లూరీస్ వాళ్ళు కూడా వచ్చి నేర్చుకోవాలంటాను.

ఇక ఒళ్ళు మండే సంగతి. ఇప్పుడు డిసెంబరు వస్తే చాలు, ఎక్కడ చూసినా హోమ్‌మేడ్ చాక్లెట్ బాల్స్ డబ్బాలే. మూత తీస్తే బంగారు కాగితం, మీద రంగురంగుల పూసలు, కింద పెళుసూ కాని మెత్తనా కాని నల్లటి పొర. అది చాక్లెట్ కాదు, కాంపౌండ్. కోకో వెన్న స్థానంలో హైడ్రోజినేట్ చేసిన పామ్ కెర్నెల్ నూనె లాంటి కొవ్వులు పెట్టి, కోకో పొడీ పంచదారా కలిపి పోసిన ఇటుక. టెంపరింగ్ అక్కర్లేదు, ఎలా కరిగించినా గడ్డకడుతుంది, చవక. అందుకే అందరికీ ముద్దొచ్చింది. నోట్లో కరగదు, అంగిలికి జిడ్డు పూత పూసి కూర్చుంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024లో కోకో ధర టన్నుకు 10 వేల డాలర్లు దాటినప్పుడు కాంపౌండ్‌కు మారినవాళ్ళు, ధర దిగాక కూడా వెనక్కి రాలేదు. ఉండ చుట్టే పని కూడా సిలికాన్ అచ్చుకు అప్పగించారు. వీటిని పెద్దమ్మ ఉండల పక్కన పెట్టి ఒకే పేరుతో పిలుస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది. కొనేముందు ఒక్కసారి ప్యాకెట్ వెనక్కి తిప్పండి. కోకో బటర్ అని ఉంటే తీసుకోండి, హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అక్కడే పెట్టేయండి.

నిజమైన చాక్లెట్ మనకు దూరమా? దేశంలో కోకో అన్నిటికంటే ఎక్కువ పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా పండుతోంది. ఆ గింజలతోనే చైతన్య ముప్పాల 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ‘మనం చాక్లెట్’ అనే దుకాణం తెరిచి ప్రపంచం చేత ఔననిపించారు. మన నేల గింజ ఉంది, మన ఆడవాళ్ళ చేతుల్లో తోపు పట్టించే ఒడుపు ఉంది, అయినా పండగపూట పామ్ కెర్నెల్ నూనె ముద్దలు పంచుకోవడం ఏం ఖర్మ?

ఈ ఊరి తెలుగు సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టినప్పుడు పక్కనే ఒక బల్ల వేసి కేక్ బాల్స్ పోటీ కూడా పెట్టండి. అచ్చులు, కాంపౌండ్ రానివ్వకండి. గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, విరిచిన ఫోర్కు ఇచ్చి అందరి ముందూ ముంచమనండి. ప్రతి పళ్ళెంలోంచి ఒక ఉండను తిరగేసి, ఒకదాన్ని కోసి, ఒకదాన్ని కొరికి మార్కులు వెయ్యండి. పెద్దమ్మను న్యాయనిర్ణేతగా ఒప్పించే పూచీ నాది.